లారీ డ్రైవరు పనిలో చేరాలనుకుంటున్నారా? ముందు ఆగి ఉన్న బండిని చూడండి

మా అక్క కొడుకు ఒకరోజు ఇంటికొచ్చి, "మామా, లారీ ఫీల్డులోకి వద్దామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అని అడిగాడు. ఇరవై రెండేళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ణి కదా, మంచో చెడో ఒక్క మాటలో తేల్చేస్తానని వాడి నమ్మకం. నేను ఎదురు ప్రశ్న వేశాను. "ఎప్పుడు పిలుస్తారో తెలియకుండా, పడుకోవడానికి లేకుండా, గేటు దగ్గర పద్నాలుగు గంటలు కూర్చోగలవా?"

"నేనడిగింది నడపడం గురించి మామా, కూర్చోవడం గురించి కాదు" అని నవ్వాడు.

కొత్తగా వచ్చేవాళ్లందరూ నడపడం గురించే అడుగుతారు. నా అనుభవంలో ఈ పనిలో సుఖమంతా చక్రాలు తిరుగుతున్నంతసేపే ఉంటుంది. కష్టాల్లో చాలా భాగం బండి ఆగాక మొదలవుతాయి. లోడు కోసం పడిగాపులు, నిద్ర, బండి పెట్టుకునే చోటు, ఇంటి నుంచి వచ్చే ఫోను, అన్నీ ఆగినప్పటివే. అందుకే ఈ పని మీకు సరిపడుతుందా లేదా అని తేల్చుకోవాలంటే, ఆగినప్పుడు ఏం జరుగుతుందో ముందు కళ్లారా చూడాలి.

లైసెన్సు కంటే ముందు ఒక ట్రిప్పు

తెలిసిన డ్రైవరు ఎవరైనా ఉంటే, ఓనరు ఒప్పుకుంటే, ఒక ట్రిప్పు పక్క సీట్లో కూర్చుని వెళ్లండి. సగం దూరం వెళ్లి బస్సెక్కి వచ్చేయడం కాదు. లోడింగు దగ్గర మొదలుపెట్టి, దించి, మళ్లీ వెనక్కి వచ్చేదాకా ఉండాలి. జేబులో చిన్న నోట్‌బుక్కు పెట్టుకుని, చక్రాలు ఆగిన ప్రతిసారీ టైమూ కారణమూ రాయండి. మళ్లీ కదిలినప్పుడు ఆ టైమూ రాయండి. అంతే.

మావాణ్ణి నా పాత స్నేహితుడి బండిలో అలాగే పంపాను. దాదాపు ఐదు రోజుల ట్రిప్పు. వచ్చాక ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. మొత్తం 118 గంటలు. అందులో చక్రాలు తిరిగింది 46 గంటలు. లోడింగు, అన్‌లోడింగు కోసం ఎదురుచూసింది 29 గంటలు. డ్రైవరు పడుకున్నది 24 గంటలు, అంటే రోజుకు ఐదు గంటలు కూడా లేదు. మిగతా 19 గంటలు పంక్చరు, కాగితాలు, ట్రాఫిక్కు, తిండి, స్నానం. 46 గంటల పని అని చెప్పి జీతం ఇస్తారు, ఇచ్చేది మాత్రం 118 గంటల జీవితం. మావాడు ఆ అంకెలు చూసి కాసేపు ఏం మాట్లాడలేదు.

జీతం లెక్కలు

నెల జీతమా, ట్రిప్పుకింతా, కిలోమీటరుకింతా, కిరాయిలో వాటానా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఏదైనా సరే, చేతికొచ్చేదాన్ని ఇంటి నుంచి బయట ఉన్న గంటలతో భాగించి చూడండి. కిలోమీటరు లెక్కన ఇచ్చేచోట వినడానికి పెద్ద మొత్తంలా ఉంటుంది. కానీ బండి గేటు దగ్గర నిలబడితే మీటరు తిరగదు, మీ సంపాదనా తిరగదు.

ఒప్పుకునే ముందు ఓనరుని మొహమాటం లేకుండా అడగాల్సినవి కొన్నున్నాయి. గేటు దగ్గర ఎదురుచూసిన టైముకు డబ్బు ఇస్తారా? బత్తా జీతంలో కలిపా, విడిగానా? పంక్చరు ఖర్చు ఎవరిది? ఓవర్‌లోడుకు ఫైన్ పడితే ఎవరు కడతారు? సరుకు తగ్గినా తడిసినా ఎవరి జీతంలో కోస్తారు? నేను దారిలో జబ్బు పడితే బండి ఎవరు తెస్తారు? యాక్సిడెంటు జరిగితే నాకు ఇన్సూరెన్సు ఉందా? ఈ ప్రశ్నలకు "అవన్నీ తర్వాత చూసుకుందాంలే" అన్నాడంటే, తర్వాత చూసుకోవాల్సింది మీరేనని అర్థం. మంచి ఓనర్లూ ఉన్నారు. నేను పదకొండేళ్లు ఒక్క ఓనరు దగ్గరే పనిచేశాను. మొదటి రోజే ఆయన నా ముందు కాగితం మీద రాసిచ్చాడు, ఎవరిది ఏ ఖర్చో. అంతకుముందు ముగ్గురి దగ్గర మాట మీద పనిచేసి, మూడుసార్లూ నష్టపోయాను.

ఒక గోడౌను దగ్గర 31 గంటలు ఉన్న సంగతి చెప్తాను. పేరెందుకులెండి. లైన్లో నా ముందు పద్దెనిమిది బండ్లు. గంటకో, గంటన్నరకో ఒక బండి లోపలికి వెళ్తుంది, అందరూ ఒక బండి పొడవు ముందుకు జరగాలి. జరపకపోతే వెనకవాడు దూరిపోతాడు. కాబట్టి పడుకోవడానికి లేదు. కాళ్లు చాపుకుని కళ్లు మూసుకునేసరికి వెనక నుంచి హారన్. 31 గంటల తర్వాత సరుకు దించి, కాగితం మీద ముద్ర వేసి, "ఇక్కడ బండి పెట్టకూడదు, వెంటనే బయటికి తియ్యి" అన్నారు. అప్పుడు రాత్రి రెండున్నర. ఆ స్థితిలో నేను రోడ్డెక్కాను. ఆరోజు ఏం జరగలేదంటే అది నా గొప్ప కాదు.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. గేటుకు చేరిన టైము, లోపలికి పిలిచిన టైము, వదిలిన టైము సరుకు కాగితం మీదే రాసి, అక్కడి గుమాస్తాతో సంతకం పెట్టించడం. సగంమంది విసుక్కుంటారు. పెట్టించండి. వెయిటింగు డబ్బు అడగాలన్నా, ఆలస్యం నా తప్పు కాదని చెప్పాలన్నా ఆ సంతకమే ఆధారం.

నిద్ర

ఇది కొంచెం ఎక్కువసేపు చెప్పాలి.

ఒకసారి తెల్లవారుజామున నాలుగింటప్పుడు వంతెన వస్తుందని చూసుకుంటూ నడుపుతున్నాను. ఎంతకీ రాలేదు. తర్వాత ఒక బోర్డు కనబడింది. చదివితే, వంతెన దాటి పదకొండు కిలోమీటర్లు వచ్చేశానని తెలిసింది. కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. పొడవాటి వంతెన ఎక్కి దిగింది మాత్రం నాకు గుర్తు లేదు. బండి పక్కకు తీసి ఆపాక చేతులు వణికాయి. ఆపకముందు వణకలేదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి 66 మీటర్లు తనంతట తాను వెళ్తుంది. వరసగా 17 గంటలు మేలుకున్నవాడి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మందు ముట్టని డ్రైవరు కూడా తాగినవాడితో సమానమవుతాడన్నమాట. శరీరంలోని గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటి రెండు నుంచి ఐదు వరకు, మళ్లీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మత్తు సహజంగా ఎక్కువగా ఉంటుంది. పాటలు పెట్టడం, మొహం కడుక్కోవడం, అద్దం దించడం, ఇవన్నీ నేనూ చేశాను. పది నిమిషాలు పనిచేస్తాయి. నిద్రకు మందు నిద్రే.

పనికొచ్చేది కునుకు. సురక్షితమైన చోట బండి పెట్టి, టీయో కాఫీయో తాగి, వెంటనే 20 నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోండి. తాగినదాని ప్రభావం తెలియడానికి దాదాపు అంతే టైము పడుతుంది కాబట్టి, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. గంట పడుకుంటే ఇంకా మంచిది కదా అనుకోకండి. గాఢనిద్రలో ఉండగా లేస్తే అరగంట దాకా తల దిమ్ముగానే ఉంటుంది. పడుకుంటే ఇరవై నిమిషాలు, లేదా ఏకంగా రాత్రంతా. అన్నట్టు, ఆ కునుకు రాత్రి నిద్రకు బదులు కాదు, దగ్గర్లో ఉన్న పార్కింగు దాకా చేరడానికి మాత్రమే.

గట్టిగా గురక పెడుతూ, ఎంత పడుకున్నా పగలు తూగుతుంటే డాక్టరుకు చూపించుకోండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు డ్రైవర్లలో తక్కువేం కాదు, దానికి చికిత్స ఉంది. మావాళ్లు దాన్ని నవ్వులాటగా తీసుకుంటారు.

కొత్త ఓనరు దగ్గర చేరేటప్పుడు, ఏ ట్రిప్పు ఎన్ని గంటల్లో చేరాలంటారో అడిగి, దాంట్లో నిద్ర ఎక్కడుందో వెతకండి. కొలబద్ద కావాలంటే యూరోపియన్ యూనియన్ నిబంధన చూడండి. అక్కడ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలి, రోజుకు మామూలుగా 9 గంటలే, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా నడపొచ్చు. బండిలో ఉండే టాకోగ్రాఫ్ అదంతా రికార్డు చేస్తుంది. మీ చోట చట్టం ఏం చెప్పినా, మీ ఓనరు చెప్పిన టైము ఈ లెక్కకు చాలా దూరంగా ఉంటే, ఆ తేడా మీ నిద్రలోంచే పోతుంది.

ఒళ్లు

నడుము ముందు పోతుంది. సీటు ఎత్తు సరిచేసుకోవడం, వెనక జేబులో పర్సు తీసేయడం, రెండు గంటలకోసారి దిగి బండి చుట్టూ తిరగడం, ఇంతకుమించి నాకు తెలిసిన రహస్యం లేదు. ఆ తిరిగేటప్పుడే టైర్లు కూడా చూసుకోవచ్చు. ఎక్కడ ఆపాలో అన్న బెంగతో నీళ్లు తాగడం మానేస్తారు చాలామంది, అది మానండి. మాను అన్నది నీళ్లను కాదు, ఆ అలవాటుని. ఆడవాళ్లకు ఈ బెంగ ఇంకా ఎక్కువ. ఈ పనిలోకి వద్దామనుకునే అక్కచెల్లెళ్లు ఆ రూటులో శుభ్రమైన బాత్రూములు, వెలుతురున్న పార్కింగు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే కనుక్కోవాలి.

క్యాబిన్ నుంచి దూకకండి. నా మోకాలు యాక్సిడెంటులో పోలేదు, దూకి దూకి పోయింది. బండి వైపు మొహం పెట్టి, రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఎప్పుడూ ఆనించి దిగాలి. ఇంకొకటి, డీజిలు పొగ క్యాన్సరు తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. లైన్లో నిలబడ్డప్పుడు ఇంజను ఆపడం డీజిలు ఆదా కోసమే కాదు.

బండి

ఎంత కొత్త డ్రైవరైనా బయల్దేరే ముందు పది నిమిషాలు బండి చుట్టూ తిరగాలి. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడండి, అది ఎగిరితే వెనకవాడి అద్దం పగులుతుంది. చక్రాల నట్ల దగ్గర తుప్పు చారలు కనబడితే నట్టు వదులైందేమోనని అనుమానించండి. తాళ్లు, బెల్టులు లాగి చూడండి. బయల్దేరిన కాసేపటికి సరుకు సర్దుకుని తాళ్లు వదులవుతాయి, కాబట్టి కొద్ది దూరం వెళ్లాక మళ్లీ ఒకసారి ఆపి బిగించుకోవాలి.

పెద్ద లారీల్లో బ్రేకులు గాలి పీడనంతో పనిచేస్తాయి, ఆ గాలి పోతే పార్కింగు బ్రేకు దానంతటదే పట్టేస్తుంది. అందులో గట్టి స్ప్రింగు బ్రేకును పట్టి ఉంచుతుంది, గాలి ఆ స్ప్రింగును వెనక్కి నొక్కి వదిలిస్తుంది. గాలి పీడనం నిండకముందే తొందరపడి బయల్దేరకూడదు. నడుస్తుండగా వార్నింగు మోగితే "ఇంకాస్త దూరమే కదా" అనకుండా పక్కకు తీయాలి.

దిగుడు రోడ్ల మీదే చాలామంది దెబ్బతింటారు. పైనుంచి దిగడం మొదలుపెట్టకముందే గేరు తగ్గించుకోవాలి. దిగుతూ దిగుతూ వేగం పెరిగాక తగ్గిద్దామంటే గేరు పడకపోవచ్చు, బండి న్యూట్రల్లో ఉండిపోతుంది. ఎగ్జాస్ట్ బ్రేకు, అంటే ఇంజను పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది, వాడాలి, కాలి బ్రేకును అదే పనిగా తొక్కి పట్టకూడదు. వేడెక్కిన బ్రేకు లైనింగుకు ఒక మాడు వాసన వస్తుంది. ఒక్కసారి పీలిస్తే జన్మంతా గుర్తుంటుంది. ఆ వాసన వచ్చాక పెడలు గట్టిగా తొక్కినా బండి ముందుకే పోతుంటుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో దొర్లించేవాళ్ల పక్కన నేను కూర్చోను.

వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఓవర్‌లోడు దీనికి తోడు. "అందరూ వేసుకుంటున్నారు, నువ్వొక్కడివే ఏంటి" అంటారు. కాటా వేయించిన చీటీ చూడకుండా బయల్దేరకండి.

మరి మంచి ఏముంది?

ఇంత చెప్పాక, మరి నువ్వెందుకు ఇరవై రెండేళ్లున్నావు అని మావాడూ అడిగాడు. నిజంగా ఇష్టంతోనే ఉన్నాను.

నెత్తిమీద ఎవరూ ఉండరు. బండి రోడ్డెక్కాక ఏ లేన్లో వెళ్లాలో, ఎక్కడ ఆపాలో, ఏ వర్షంలో తగ్గాలో అన్నీ నావే. పెద్ద చదువు లేకపోయినా నేర్చుకున్నకొద్దీ విలువ పెరిగే పని. ట్రైలరును రివర్సులో సందులోకి పెట్టడం చూడండి. తోక ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి, ఎక్కువ తిప్పితే మడతపడుతుంది, తక్కువ తిప్పితే గోడకు తగులుతుంది. మొదట్లో ఒక ఖాళీ స్థలంలో రెండు పాత టైర్లు గుర్తుగా పెట్టుకుని నెల రోజులు ప్రాక్టీసు చేశాను. మొదటిసారి ఒక్క కట్‌లో బండి సరిగ్గా ప్లాట్‌ఫాంకి ఆనినప్పుడు, హమాలీల మేస్త్రీ బీడీ తీసేసి "శభాష్" అన్నాడు. తర్వాత చాలామంది చాలా అన్నారుగానీ, అదొక్కటి ఇప్పటికీ చెవిలో ఉంది.

పనికి కరువు ఉండదు. ఒక చోట కుదరకపోతే ఇంకో చోట స్టీరింగ్ దొరుకుతుంది. పైగా అన్ని లారీలూ ఒకే బతుకు కాదు, ఇది కొత్తవాళ్లకు తెలియదు. ట్యాంకరు వేరు. అది సగం నిండి ఉంటే లోపలి ద్రవం ముందుకీ వెనక్కీ కొడుతుంది, ఆపాక కూడా బండిని తోస్తుంది, అందుకని నిండు ట్యాంకరు కంటే సగం ట్యాంకరుకు భయపడాలి. చల్లబరిచే బండిలో సరుకు కోసం యంత్రం రాత్రంతా తల దగ్గరే మోగుతుంది. టిప్పరు, కాంక్రీటు మిక్సరు, ఊళ్లో డెలివరీ బండ్లలో దుమ్మూ ట్రాఫిక్కూ ఎక్కువ, సైకిళ్ల మీదా కాలినడకనా వెళ్లేవాళ్లు కనబడని మూలల్లోకి వస్తుంటారు, కానీ చాలావరకు రాత్రికి ఇంటికి చేరతారు. దూరపు ఊళ్లకు తిరిగే లైన్ బండిలో రోడ్డు ఖాళీ, మనసు తేలిక, ఇల్లు దూరం. "లారీ డ్రైవరు అవ్వాలా" అన్న ప్రశ్న కన్నా "ఏ బండికి" అన్న ప్రశ్నకే బుర్ర పెట్టండి.

ఇల్లు సంగతి ఒక్క మాట. రేపు వస్తానని చెప్పడం మానేశాను నేను. మా పెద్దమ్మాయి చిన్నప్పుడు "రేపంటే ఏ రేపు నాన్నా?" అని అడిగింది. అప్పటి నుంచి బండి అన్‌లోడు అయ్యి, తిరుగు ప్రయాణం ఖరారయ్యాకే ఫోన్‌లో టైము చెప్పేవాణ్ణి. నడుపుతూ ఫోను ఎత్తనని కూడా ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. ఎత్తకపోతే కంగారు పడకుండా ఉంటారు.

ఇక సొంత లారీ. మొదటి మూడేళ్లూ ఆ ఊసే వద్దు. డ్రైవరుకు గేటు దగ్గర పోయేది నిద్ర, ఓనరుకు పోయేది నిద్రతో పాటు కిస్తీ కూడా.

మావాడు నోట్‌బుక్కు తెచ్చాక రెండు వారాలు ఆలోచించుకుని, లైన్ బండి వద్దనుకుని గోడౌన్ల నుంచి దుకాణాలకు సరుకు వేసే బండిలో చేరాడు. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ వాడి డ్యాష్‌బోర్డు మీదే ఉంటుంది. మొన్న వచ్చినప్పుడు తీసి చూపించాడు. మూడు నెలల పేజీలు, ప్రతి గేటు దగ్గరా ఎంతసేపో, పక్కన గుమాస్తాల సంతకాలు. అది ఓనరు ముందు పెట్టి వెయిటింగు డబ్బు అడిగాడట. అడిగినదాంట్లో సగం ఒప్పుకున్నాడు. మిగతా సగం కోసం నాలుగో నెల పేజీలు రాస్తున్నాడు.